లోపలివైపు పిడులు

ఓడల మరమ్మతు షెడ్డు,
సోమవారం, టీ వేళ.

అక్కా,

ఫోన్లో చెబితే సగంలోనే అరుస్తావని ఉత్తరం రాస్తున్నాను. ఇది నీకు చేరడానికి మూడు రోజులు, నువ్వు అరిచింది నాకు చేరడానికి ఇంకో మూడు రోజులు. వారంపాటు నా చెవులకు సెలవు.

నాన్న ఓడ దొరికింది.

ఎప్పుడో తుక్కు కింద కోసి పారేసుంటారనుకున్నాం కదా. లేదు. యుద్ధం అయిపోయాక తీసుకెళ్ళి పాత రేవులో ఒక మూల కట్టేశారట. నలభై ఆరేళ్ళుగా పిట్టల రెట్టలు మోస్తూ అక్కడే పడుంది. ఇప్పుడు ఒకాయన దాన్ని కొని విహారపు పడవ చేయిస్తున్నాడు. జనాన్ని ఎక్కించుకుని రేవు చుట్టూ గంటన్నర తిప్పి, లైట్‌హౌసు చూపించి, తెచ్చి దింపేస్తుంది. మార్పుల పని మా షెడ్డుకొచ్చింది. ఇంజను పని నాకొచ్చింది. ముందుభాగం మీద పెయింటు గీకి నంబరు చూసుకునేదాకా నేనూ నమ్మలేదు.

యుద్ధంలో శత్రువులు నీళ్ళలో వదిలిన మైన్లు, ఆ పేలుడు గుండ్లు, ఏరిన ఓడ ఇప్పుడు ఒంటినిండా పసుపు రంగు పూసుకుంటోంది. ఫిరంగి ఉన్నచోట ఐస్‌క్రీము కౌంటరు. మైన్లు లాగే ఇనప తాడు చుట్టిన డ్రమ్ము మీద చెక్క పరిచి గుండ్రటి బల్ల చేశాం. యజమానికి మేం పెట్టిన పేరు టోపీ. ఓడ కొన్నరోజే కెప్టెన్ టోపీ కూడా కొనుక్కున్నాడు. బకెట్లో నీళ్ళు తప్ప వేరే నీళ్ళెరగని మనిషి, ‘నా నౌక, నా నౌక’ అంటూ డెక్కు మీద తిరుగుతాడు.

పనయ్యాక ఇంజను మనిషిగా పడవ మీదే ఉండిపొమ్మన్నాడు. ఒప్పుకున్నాను. తిట్టే ముందు ఒక్కమాట విను. నాన్న పోయేనాటికి నీకు ఏడేళ్ళు. ఆయన గొంతు నీకు గుర్తుంది, మీసం గుర్తుంది. నేనప్పటికి అమ్మ కడుపులో ఉన్నాను. నాకంటూ ఆయనది ఏదీ లేదు. నిన్న ఇంజను గది మెట్లు దిగుతూ పక్కనున్న కమ్మీ పట్టుకున్నాను. ఎన్ని చేతులు రాసుకున్నాయో, అద్దంలా నున్నగా ఉంది. అందులో ఆయన చెయ్యి కూడా కొంచెం ఉంటుంది కదా!

అంతే. ఇక తిట్టు.

నీ తమ్ముడు


పత్రిక ఆఫీసు,
ప్రూఫుల బల్ల దగ్గర్నుంచి.

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి నేను అరిచిన అరుపుకి ఎదురుబల్ల ఆర్టిస్టు సిరా సీసా ఒలకబోసుకున్నాడు. అయినా ముందు ఇది చెప్పాలి. ఆ కమ్మీ సంగతి చదివి ఏడ్చాను. ఆ పని ఒప్పుకున్నందుకు నిన్ను తిట్టను. నాన్న నిలబడ్డచోట నిలబడాలన్న నీ కోరికలో తప్పేముంది?

ఐస్‌క్రీము మీదా నాకు కోపం లేదు. ప్రపంచంలో ఉన్న ఫిరంగులన్నీ అలా మారిపోతానంటే నేనే వరసలో నిలబడి రెండు కప్పులు తింటాను. ఆ టోపీ మైకులో ఏం చెప్పిస్తాడో, నా మంటంతా దాని గురించే.

నాన్న చావు గురించి నేను అచ్చేసిన చిన్నపుస్తకం నువ్వు చదవలేదని నాకు తెలుసు. అట్ట చూసి గూట్లో పెట్టుంటావు. అందుకని మళ్ళీ చెబుతున్నాను. మైను పేలింది. ఇంజను గదిలోకి నీళ్ళొచ్చాయి. లోపల నాన్నతో కలిపి ఏడుగురు. ఓడ మునగకుండా ఆ గది మూత మూసేశారు, మునగలేదు, మిగతా ముప్పైమందీ బతికారు. ఇంటికి సర్కారు కాగితం వచ్చింది. ‘ఏడుగురూ తమంతట తామే లోపల్నుంచి మూత బిగించుకుని ప్రాణాలర్పించారు’ అని. అమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివి, మడిచి, ఒకే మాట అంది: “పడగ్గది గడియ పెడితేనే ఊపిరాడదనే మనిషి, ఇనప మూత బిగించుకున్నాడా?”

ఆ ఒక్క ప్రశ్న మీదే నేను పుస్తకం రాశాను.

మూత మూయడమే తప్పని నేనెక్కడా రాయలేదు. నన్ను తిట్టేవాళ్ళంతా ఈ మాట మింగేసే తిడతారు. ముప్పై ప్రాణాల కోసం మూయాల్సే వచ్చిందేమో. అయితే మూసినవాడు ‘నేను మూశాను’ అనాలి. బతికున్నన్నాళ్ళూ ఆ బరువు వాడే మొయ్యాలి. అది మొయ్యలేక, ఆ పని చచ్చినవాళ్ళ చేతుల మీద పెట్టారే, అదీ నేరం! చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మనవాళ్ళకు కళ్ళు పెట్టి ఊరుకోలేదు, లేని చేతులు కూడా తగిలించారు.

ఇన్నేళ్ళూ నా దగ్గర సాక్ష్యం లేదు. ఓడ ఎక్కడుందో తెలియదు కదా. ఇప్పుడు నువ్వు దాని పొట్టలోనే ఉన్నావు. మూత లోపలివైపు పిడులు ఎలా ఉన్నాయో చూసి రాయి. ఆ ఓడ మీద వంట చేసినాయన ఒకరు బతికున్నారని తెలిసింది, వెళ్ళి కలవబోతున్నాను. పుస్తకం రెండో అచ్చు నీ కబురు కోసమే ఆపాను.

నడుం జాగ్రత్త. బరువులు ఎత్తకు.

అక్క


విహారపు పడవ,
ఇంజను గది.

అక్కా,

మూత చూశాను. లోపలివైపు నాలుగు పిడులున్నాయి. నాలుగూ సుళువుగా తిరుగుతున్నాయి. ఇటు తిప్పితే బిగుస్తుంది, అటు తిప్పితే వదులవుతుంది. అంటే లోపల్నుంచి మూసుకోవచ్చు. మూసుకునే ఉంటారు.

అమ్మ అన్నది నిజమే గాని, మెడదాకా నీళ్ళొచ్చినప్పుడు మనిషి ఎలా ఉంటాడో పడగ్గదిని బట్టి చెప్పలేం కదా. ఇక వదిలెయ్యి అక్కా. నీకూ బీపీ ఉంది.

వానలకి పెయింటు ఆరడం లేదు. వచ్చే నెల మొదటివారం పడవ కదులుతుంది.

తమ్ముడు


ఇల్లు,
వంటగది బల్ల.

తమ్ముడికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇంత పొట్టి ఉత్తరం నువ్వెప్పుడూ రాయలేదు. నన్ను బాధపెట్టడం ఇష్టంలేక తొందరగా ముగించావనుకున్నాను.

అది అందేసరికే వంటాయన్ని ఒకసారి కలిసొచ్చాను. ఎనభై దాటాయి. చేతులు వణుకుతున్నాయి గాని, మాట వణకడం లేదు. ఆయన చెప్పింది ఇదీ. మైను పేలడానికి వారం ముందు ఏదో ఉత్తుత్తి ప్రమాద గంట మోగిందట. ఇంజను గదిలోంచి ఇద్దరు పైకి పరిగెత్తుకొచ్చారట. ఆ మర్నాడే అధికారి ఒకడు లోపలివైపు పిడులు నాలుగూ రంపం పెట్టి కోయించాడట. “ఇక ఎలా పైకొస్తారో చూస్తాను” అన్నాడట. “ఆ ముక్కలు నా వంటగది ముందునుంచే మోసుకెళ్ళి నీళ్ళలో పారేశారు తల్లీ. అందులో ఒకటి నా కాలిమీద కూడా పడింది” అన్నారు.

నాకు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించు. రాత్రింబగళ్ళు వెతికింది చేతికందినట్టయింది. తీరా ఇంటికొస్తే నీ ఉత్తరం. నాలుగు పిడులూ ఉన్నాయి, సుళువుగా తిరుగుతున్నాయి.

మళ్ళీ వెళ్ళాను. “పెద్దాయనా, మా తమ్ముడు చేత్తో తిప్పి చూశాడట, మీరు ఎక్కడో పొరపడ్డారేమో” అన్నాను. ఆయన “నలభై ఆరేళ్ళుగా నిద్రపట్టకపోవడం కూడా పొరపాటేనంటావా?” అని లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆయన కోడలు వచ్చి, ఇక రావద్దండీ, ఆయన అన్నం తినడం మానేస్తారు అంది.

నాకు ఆయన మాట నమ్మాలని ఉంది. కాని నమ్మాలని ఉన్నదాన్నే నమ్మితే ఆ సర్కారు కాగితం రాసినవాడికీ నాకూ తేడా ఏముంటుంది? ఇరవై ఏళ్ళు ఇతరుల అబద్ధాల మీద విరుచుకుపడ్డదాన్ని, నా తప్పు దగ్గరకొచ్చేసరికి నోరు కట్టేసుకోలేను. ఈ నెల సంచికలో నా పేరుతో రాశాను: ‘ఆ ఏడుగురూ తామే మూత మూసుకున్నారు. అనవసరంగా అనుమానించాను. వారి కుటుంబాలకు క్షమాపణ.’ మిగతా ఆరిళ్ళకూ విడిగా ఉత్తరాలు రాశాను. పుస్తకం రెండో అచ్చు వద్దని ప్రెస్సుకు చెప్పేశాను.

అమ్మ లేకపోవడం మంచిదైంది. ఆవిడకు ఏమని చెప్పుకునేదాన్ని?

అక్క


విహారపు పడవ,
శుక్రవారం, సెలవురోజు.

అక్కా,

ఆపు. అచ్చు కాకపోతే ఆపు. అయిపోతే ఈ కాగితం కూడా అచ్చెయ్యి.

ఆ పిడులు వేసింది నేను.

నీ రెండో ఉత్తరం... కాదు, మొదట్నుంచీ వరసగా చెబుతాను. మూత తెరిచినప్పుడు లోపలివైపు పిడుల్లేవు. నాలుగు మోళ్ళున్నాయి. పాత రేవులో ఇనుము దొంగలు కోసుకుపోయారనుకున్నాను. నా సంగతి నీకు తెలుసుగా. చేతిలో పనుంటే బుర్ర ఆగిపోతుంది. విరిగింది కనబడితే బాగుచెయ్యడమే తెలుసు. పైగా కిందినుంచి తెరవడానికి వీల్లేని మూత కింద మనిషిని నిలబెట్టకూడదు. అది ఏ పనివాడికైనా తెలిసిన మొదటి పాఠం. పడవకు అనుమతిచ్చే తనిఖీ ఆయన కూడా అదే అడిగాడు. ఆయన డెక్కు మీద కుర్చీ వేసుకుని కూచున్నాడు. నేను కింద గ్రైండర్‌తో మోళ్ళు చదును చెయ్యడం మొదలుపెట్టాను.

ఒకటి అయింది. రెండు అయింది. మూడు అయింది. నాలుగోదానికి గ్రైండర్ ఆనించబోతూ చూశాను. కోసిన ముఖం మీద బూడిదరంగు పెయింటు ఉంది. యుద్ధకాలపు పెయింటు. పైపూత గీకితే ఓడ అంతా అదే రంగు. దొంగలు యుద్ధం అయ్యాక కోసుంటే ఆ కోత మీద ఆ రంగు ఎలా వస్తుంది? ముందు కోశారు, తర్వాత రంగేశారు. మైను పేలినచోట వేసిన అతుకుల మీద ఆ రంగు లేదు, అంటే అదంతా పేలుడుకి ముందు సంగతే. నాన్న వాళ్ళు ఆ మూత కింద ఉన్నప్పుడు దానికి పిడుల్లేవు.

గ్రైండర్ ఆపేశాను. పైనుంచి టోపీ అరిచాడు, “ఏమయ్యా, నిద్రపోయావా? సారు వెళ్ళాలంటున్నారు!” అని.

నాలుగోది కూడా అరగదీశాను అక్కా.

ఎందుకని అడక్కు. నేను రోజూ నన్ను అడుగుతూనే ఉన్నాను. ఆ ఉద్యోగం కావాలనిపించింది, నాన్న పక్కన నిలబడే చోటు పోతుందనిపించింది. ఇంకా నిజం చెప్పాలంటే, పైనుంచి ఒకడు అరిచేసరికి చేతులు వాటంతటవే కదిలాయి. నాలుగు కొత్త పిడులు వెల్డింగ్ చేశాను. తర్వాత రెండు రోజులకే నీ ఉత్తరం. పిడులున్నాయని రాశాను. ఉన్నాయి కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ పిడులతో టోపీ ఏం చేస్తున్నాడో విను. దానికి ‘వీరుల నిమిషం’ అని పేరు. ప్రయాణికుల్ని ఆరుగురి చొప్పున ఇంజను గది మెట్ల మీదికి దింపి, పైన మూత వేసేస్తారు. దీపం ఆర్పేస్తారు. స్పీకర్లో నీళ్ళ చప్పుడు. “ఇదిగో, ఈ నాలుగు పిడులనే ఆ ఏడుగురు వీరులూ తమ చేతులతో...” అని గొంతు. తర్వాత దీపం వెలుగుతుంది. జనం ఆ పిడుల్ని పట్టుకుని, తిప్పుకుని, నవ్వుకుంటూ పైకొచ్చేస్తారు. రోజుకి నాలుగు ట్రిప్పులు. నేను అక్కడే ఇంజను పక్కన నిలబడి ఉంటాను. నిన్న ఒకాయన పిడిని ముద్దు పెట్టుకున్నాడు. నా వెల్డింగ్‌ని.

వంటాయన నిద్ర సంగతి చదివాక ఇక దాచలేకపోయాను.

తమ్ముడు


పత్రిక ఆఫీసు.

నీకు,

సంచిక బయటికెళ్ళిపోయింది.

ఆరిళ్ళలో రెండిళ్ళ నుంచి జవాబులు కూడా వచ్చాయి. ఒకామె, ‘మా నాన్నను మళ్ళీ వీరుణ్ణి చేసినందుకు కృతజ్ఞతలు’ అని రాసింది. చదివి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇప్పుడు ఆమెకు నేనేం రాయాలి? మీ నాన్న వీరుడు కాదమ్మా, బోనులో పెట్టిన మనిషి అనా? ఒకసారి క్షమాపణ వేసి, వచ్చే నెల ఆ క్షమాపణకు క్షమాపణ వేస్తే నన్నూ పత్రికనూ చూసి నవ్వనివాడు పాపాత్ముడు. నవ్వనీ. అది నా తలనొప్పి. అన్నం మానేసిన ముసలాయన నీ తలనొప్పి. నాకంటే ముందు ఆయనకు రాయి. నీ చేత్తో, నీ పేరుతో.

మొదటి మూడూ తెలియక అరగదీశావు. వాటికి నేను నిన్నేమీ అనను. నాలుగోది తెలిసి అరగదీశావు. ఇన్నేళ్ళుగా ఒక్క ఆధారం కోసం నేను ఎక్కని గుమ్మం లేదు. అది నా తోడబుట్టినవాడి గ్రైండర్ కింద పొడైపోయిందా! పైనుంచి అరిస్తే చేతులు కదిలాయట! ఒరేయ్, ఆ రోజు పిడులు కోసినవాడు కూడా ఇదే అని ఉంటాడు. మూత మూసినవాడూ ఇదే అని ఉంటాడు. కాగితం టైపు చేసినవాడూ ఇదే. పైనుంచి అరిచారు, చేతులు కదిలాయి. లోకంలో ఎక్కడ ఏ దుర్మార్గం జరిగినా అడుగున తవ్వి చూడు, ఈ మాటే దొరుకుతుంది. అరిచేవాడు ఎప్పుడూ ఒక్కడే. కదిలే చేతులు లేకపోతే వాడి అరుపు వట్టి గాలి.

ఇంత రాశాక కూడా ఇంకా మండుతోంది.

‘వీరుల నిమిషం’! చీకట్లో నిమిషం నిలబెట్టి, తలుపు తీసుకుని వెళ్ళిపోవచ్చని ముందే చెబితే దానికి వీరుల నిమిషమని పేరా? దాగుడుమూతలాడే పిల్లలకు ఇంతకంటే ఎక్కువ భయం ఉంటుంది. యుద్ధంలో కోసేశారు, శాంతిలో అతికించారు. రెండుసార్లూ ఆ ఏడుగురి నోరే మూశారు.

ఇప్పుడు నువ్వు చెయ్యబోయే తెలివితక్కువ పని నాకు కనిపిస్తోంది. ఆవేశపడి ఆ పిడులు కోసెయ్యకు. కింద రోజంతా నిలబడేది నువ్వు. నీతోపాటు జనం. పిడుల్లేని మూత కింద ఇంకో మనిషి ఉండటం నాకు వద్దు. సాక్ష్యం కోసమైనా సరే, వద్దు.

ఏం చెయ్యాలో నేను చెప్పను. చెబితే అది కూడా పైనుంచి అరవడమే అవుతుంది.

అక్క


అద్దె గది,
ఆదివారం సాయంత్రం.

అక్కా,

ఉద్యోగం పోయింది. ముందు అది చెప్పేసి మిగతాది చెబుతాను. వంటాయనకు పోయినవారమే రాశాను. ఆయన జవాబు రాలేదు, రావాలని అడిగే హక్కూ నాకు లేదు.

మొన్న శుక్రవారం సెలవు. పడవలో నేనొక్కణ్ణే. పిడులు కోయలేదు. మెట్ల మీద నిలబడి, మూత దించుకుని, తల పైకెత్తి వెల్డింగ్ మొదలుపెట్టాను. తలమీద పని ఎంత చెడ్డదో నీకు తెలీదు, రవ్వలన్నీ కాలర్లోనే పడతాయి. ఒక్కో పిడి పక్కన ఒక్కో మాట, కరిగిన ఇనుముతో, ఉబ్బెత్తుగా రాశాను. మొదటిదాని పక్కన ‘ఈ నాలుగూ నేను వేసినవి’. రెండోదాని పక్కన ‘ఆ రోజు ఇవి లేవు’. మూడోదాని పక్కన ‘ముందే కోసేశారు’. నాలుగోదాని పక్కన ‘ఆ గుర్తు చెరిపింది నేనే’ అని రాసి, కింద మన ఇంటిపేరుతో సహా నా పేరు రాశాను. నా దస్తూరీ కోడి గీకినట్టుంటుందంటావు కదా. ఇనుము మీద కొంచెం నయంగానే వచ్చింది.

శనివారం మొదటి ట్రిప్పు. మూత పడింది, దీపం ఆరింది, నీళ్ళ చప్పుడు మొదలైంది. చీకట్లో ఒకామె పిడికోసం తడుముకుంటూ, “ఇక్కడేదో రాసుందండీ” అంది. దీపం వెలిగాక చదివింది. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. పైన స్పీకరు ‘తమ చేతులతో’ అంటూనే ఉంది. ఆమె నావైపు తిరిగింది. “మీకు తెలుసా ఇదంతా?” అంది. తెలుసన్నాను. ఇంజను ఆపి, ఆరుగురికీ చెప్పాను. నాకు నీలా మాట్లాడటం రాదు. కోసిన చోట బూడిద రంగు ఉందని, దాన్ని నేను అరగదీశానని, ఏడుగురిలో ఒకరు మా నాన్నని చెప్పాను.

రెండో ట్రిప్పుకి ఈ సంగతి డెక్కంతా పాకిపోయింది. సాయంత్రానికి టోపీ ఊగిపోతూ వచ్చాడు. “చెరిపెయ్! ఇప్పుడే చెరిపెయ్!” అన్నాడు. చెరపనన్నాను. “నా ఓడరా ఇది!” “మీదే సార్. ఓడ మీదే, పిడులూ మీవే. ఆ మాటలు మాత్రం చెరపను.” షెడ్డు మేస్త్రీని పిలిచాడు. ఆయన మెట్లు దిగి చదివి, పైకొచ్చి, చేతులు తుడుచుకుంటూ, “నాకు కళ్ళు సరిగ్గా కనపడవండీ” అని వెళ్ళిపోయాడు. ముప్పై ఏళ్ళుగా వెంట్రుకవాసి పగులు కనిపెట్టే మనిషి!

చివరికి టోపీ తానే గ్రైండర్ అందుకున్నాడు. ఆయన వేయించిన కొత్త బెంచీ అడ్డొచ్చి ఆ మూత పూర్తిగా లేవదు. సగానికి లేచి కొక్కేనికి ఆగుతుంది. లోపలివైపు పని చెయ్యాలంటే మెట్లు దిగి దాని కిందికెళ్ళాల్సిందే. నాలుగో ట్రిప్పు జనం చుట్టూ నిలబడి చూస్తున్నారు. ఒక మెట్టు దిగాడు. రెండో మెట్టు దిగాడు. మూడో మెట్టు మీద మూత తలకు తగిలినట్టుంది, టోపీ జారి కింద పడింది. పైకి చూశాడు.

“ఎవరన్నా మూత పట్టుకోండయ్యా!” అన్నాడు.

“కొక్కెం వేసే ఉంది సార్” అన్నాను.

“కొక్కెం గిక్కెం నాకు తెలీదు! నువ్వు పట్టుకో! వదలొద్దు!”

పడవ మొదలైన ఇన్ని వారాల్లో ఆయన ఆ మూత కిందికి దిగడం అదే మొదటిసారి అక్కా. పొద్దున చదివినామె ఎందుకో మళ్ళీ టికెట్టు కొనుక్కుని వచ్చింది. ఆమే అడిగింది, “వాళ్ళేడుగురూ మూత వాళ్ళే మూసుకున్నారని మైకులో చెప్పారు కదండీ. తెరిచున్న మూత కింద మీకెందుకండీ అంత భయం?” అని.

ఆయన గ్రైండర్ మీట నొక్కలేదు. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో గ్రైండర్ పట్టుకుని, వెనక్కి వెనక్కి మెట్లెక్కాడు.

ఆయన పూర్తిగా పైకొచ్చేదాకా నేను మూత రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను.

తమ్ముడు